రశీదు మీద 45363 ఎందుకు వచ్చింది?



2024 రంజాన్ మొదటి వారం. తరావీహ్ ముగించుకుని ఇంటికి వస్తుంటే మన పాత దాతల్లో ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బేటా, మీరు పంపిన రశీదు అందింది. పేరు సరిగ్గానే ఉంది, డబ్బూ సరిగ్గానే ఉంది. తేదీ ఉండాల్సిన చోట మాత్రం 45363 అని ఉంది. పోనీ రశీదు నంబరు అనుకుందామంటే, అంతమంది దాతలు మన సొసైటీకి ఎప్పుడొచ్చారు?" అని నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఇంటికెళ్లి చూస్తే అప్పటిదాకా వాట్సాప్‌లో పంపిన రశీదులన్నిటి మీదా అలాంటి ఐదంకెల సంఖ్యే ఉంది. మొదటి రోజా నాడు ఇచ్చినవాళ్లందరికీ 45363. రెండో రోజా నాడు ఇచ్చినవాళ్లకు 45364.

ఆ రశీదులు సరిచేసి మళ్లీ పంపాం. అయినా ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో దాతలకు చెప్పాల్సిన బాధ్యత లెక్కలు చూసే నా మీద ఉంది. పైగా మీలో చాలామంది దుకాణం లెక్కలు, జకాత్ లెక్కలు ఎక్సెల్‌లోనో, ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లోనో రాసుకుంటున్నారు. కొందరు తమ వీధి మసీదు కమిటీల్లో ఖజాంచీలు. మీకూ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ముందుగా, 45363 అనేది తప్పుడు సంఖ్య కాదు. అది తేదీయే. 2024 మార్చి 12, మన తెలుగు రాష్ట్రాల్లో హిజ్రీ 1445 రంజాన్ మొదటి రోజా. ఎక్సెల్ తేదీని మనలాగా రోజు, నెల, సంవత్సరం అని మూడు ముక్కలుగా దాచుకోదు. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని, అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. రంజాన్‌లో మనం చేసేదీ అదే. "ఈ రోజు ఎన్నో రోజా?" అని అడిగితే "పదిహేడోది" అంటాం. ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. రోజాల లెక్క తెలియని పొరుగాయనకు ఆ పదిహేడు ఏమిటో తెలియదు. ఎక్సెల్ కూడా తన లెక్కలో "ఇది 45,363వ రోజు" అంటోంది. ఆ లెక్క మనకు అలవాటు లేదు, అంతే.

(ఆ లెక్కలోనే ఒక పాత పొరపాటు ఉంది. 1900 లీపు సంవత్సరం కాదు. కానీ ఎక్సెల్ ఆ ఏడాది ఫిబ్రవరి 29 ఉందనే అనుకుంటుంది. అంతకుముందు అందరూ వాడిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాంలో ఆ తప్పు ఉంది. పాత ఫైళ్లు కొత్త దానిలో చెడిపోకూడదని మైక్రోసాఫ్ట్ దాన్ని అలాగే ఉంచేసింది. మన రశీదులకు దానివల్ల నష్టమేమీ లేదు. కానీ ఎంత పెద్ద లెక్కలోనైనా లేని రోజు ఒకటి దూరగలదని చెప్పడానికి నాకు ఇది భలే ఉదాహరణ.)

అయితే గడిలో తేదీలాగే కనిపించింది కదా, రశీదులోకి వచ్చేసరికి సంఖ్య ఎందుకైంది? గడిలో ఉన్నది వేరు, గడి మీద కనిపించేది వేరు. లోపల ఉన్నది 45363. దానికి తేదీ అనే తొడుగు వేసి ఎక్సెల్ మనకు 12-03-2024 అని చూపిస్తోంది. ఆ తొడుగు గడిదే గానీ సంఖ్యది కాదు. రశీదు కోసం మేం చేసిందేమిటంటే, ఒక గడిలోని పేరు, మరో గడిలోని మొత్తం, ఇంకో గడిలోని తేదీ, ఈ మూడింటినీ కలిపి ఒకే వాక్యంగా మార్చాం. "ఫలానా వారి నుంచి జకాత్ కింద రూ. 5000, తేదీ ఇది" అని. ఎక్సెల్‌లో గడులను ఇలా కలపడానికి అండ్ గుర్తు వాడతాం. కొందరు కంకాటినేట్ అనే ఫార్ములా వాడతారు. ఏది వాడినా అది గడిలోని అసలు సరుకునే తీసుకెళ్తుంది, తొడుగును అక్కడే వదిలేస్తుంది. కనుక వాక్యంలోకి 45363 వచ్చి కూర్చుంది.

దీనికి మందు చిన్నదే. తేదీ గడిని నేరుగా కలపకుండా, టెక్స్ట్ అనే ఫార్ములాలో పెట్టి కలపాలి. తేదీ సి2 అనే గడిలో ఉందనుకుందాం. అప్పుడు రాయాల్సింది ఇది:

=టెక్స్ట్(సి2,"డీడీ-ఎంఎంఎంఎం-వైవైవైవై")

ఇక్కడ తెలుగులో చూపించాను గానీ కంప్యూటర్‌లో అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. డీ రెండుసార్లు కొడితే రోజు రెండంకెల్లో వస్తుంది. ఎం రెండుసార్లయితే నెల అంకెల్లో, మూడుసార్లయితే నెల పేరు పొట్టిగా, నాలుగుసార్లయితే పూర్తిగా వస్తుంది. వై నాలుగుసార్లయితే సంవత్సరం నాలుగంకెల్లో. కోట్స్ మరిచిపోకూడదు. పేరు ఏ2లో, మొత్తం బి2లో ఉంటే ఏ2, అండ్ గుర్తు, కోట్స్ మధ్య ఒక ఖాళీ, అండ్ గుర్తు, బి2, మళ్లీ అలాగే ఖాళీ, చివర టెక్స్ట్ ఫార్ములా. మధ్యలో ఆ ఖాళీలు పెట్టకపోతే పేరూ డబ్బూ తేదీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నెల పేరు తెలుగులో కావాలంటే, కోట్స్ తెరవగానే డీ కంటే ముందు స్క్వేర్ బ్రాకెట్లలో డాలర్ గుర్తు, హైఫన్, 44ఏ అని చేరిస్తే ఎక్సెల్ "మార్చి" అని తెలుగులోనే రాస్తుంది. 44ఏ అన్నది తెలుగుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సంకేతం.

ఇలా కలిపిన తర్వాత వచ్చేది తేదీ కాదు, అక్షరాలు. చూడ్డానికి తేదీలాగే ఉంటుంది గానీ దాన్ని బట్టి వరుసలు సర్దలేం, ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకు ఎంత వచ్చిందో లెక్క తీయలేం. అందుకని అసలు తేదీ ఉన్న నిలువు వరుసను చెరపకూడదు. కలిపిన వాక్యం రశీదుకు, విడిగా ఉన్న తేదీ లెక్కకు. రెండూ ఉండాలి. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ పెట్టి సర్టిఫికెట్లు ముద్రించేవాళ్లకు కూడా ఇదే చెబుతాను. ఎక్సెల్‌లో చక్కగా 12-03-2024 అని కనిపించిన తేదీ వర్డ్‌లోకి వెళ్లేసరికి అమెరికా పద్ధతిలో 3/12/2024 అయిపోతూ ఉంటుంది. ముందే టెక్స్ట్ ఫార్ములాతో ఒక నిలువు వరుస తయారుచేసి, వర్డ్‌కు దాన్నే ఇస్తే ఆ బాధ ఉండదు.

గడులు కలపడం అనగానే చాలామంది మెర్జ్ అనే బటన్ నొక్కుతారు. అది వేరే పని. గడుల మధ్య గోడలు తీసేసి ఒకే పెద్ద గడి చేస్తుంది. చేస్తే చేసింది గానీ, ఎడమవైపు పైన ఉన్న గడిలోని విషయాన్ని మాత్రమే ఉంచి మిగతాదంతా పారేస్తుంది. ఎక్సెల్ ముందుగా హెచ్చరిస్తుంది, మనం చదవకుండా ఓకే నొక్కేస్తాం. వితంతు సోదరీమణులకు నెలనెలా ఇచ్చే సాయం జాబితా అందంగా కనిపించాలని ఒకసారి నేనే పేరు గడినీ, చివరిసారి సాయం అందిన తేదీ గడినీ ఇలా కలిపేశాను. పేర్లు మిగిలాయి, తేదీలు పోయాయి. పాత కాగితాలు వెతికి మళ్లీ రాసుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పైన శీర్షిక కోసం తప్ప, లెక్క ఉన్న చోట మెర్జ్ జోలికి పోవద్దు.

45363 సంగతి ఇంతటితో అయిపోయింది. నిజానికి అది మంచి తప్పు. కంటికి కనిపించింది, ఒక పెద్దాయన ఫోన్ చేశారు, సరిచేసుకున్నాం. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం, అదే రంజాన్ చివర్లో జరిగిన ఇంకో తప్పు. దాని గురించి ఎవరూ ఫోన్ చేయలేదు.

చివరి పది రోజుల్లో పని పెరుగుతుంది. జకాత్, సదఖాలతో పాటు ఫిత్రా కూడా రావడం మొదలవుతుంది. ఆఫీసు కంప్యూటర్ ఒక్కటే చాలదని, మన వాలంటీర్లలో చదువుకుంటున్న ఒక కుర్రవాడు ఏప్రిల్ మొదటి తేదీ నుంచి తన ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు తెరిచి, రశీదు పుస్తకం చూస్తూ వివరాలు ఎక్కించాడు. ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అందులో ఉన్న అమెరికా సెట్టింగు అలాగే ఉండిపోయింది. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. అతను మనలాగే 08/04/2024 అని కొట్టాడు, ఏప్రిల్ 8 అనుకుని. కంప్యూటర్ దాన్ని ఆగస్టు 4 అని తీసుకుంది. తీసుకుని, తిరిగి అతనికి 8/4/2024 అనే చూపించింది. తను కొట్టిందే తనకు కనిపించింది, ఇక అనుమానం ఎందుకు వస్తుంది? మార్చిలో ఆఫీసులో ఎక్కించిన పాత తేదీలు మాత్రం అతనికి 3/13/2024, 3/14/2024 అని తిరగబడి కనిపించాయట. అదొక్కటే ఆనవాలు. నెలలు పన్నెండే కదా, మధ్యలో 13 ఉంటే అది నెల కాదని తెలిసిపోతుంది. కానీ పాత వరుసల్లోకి చూసే తీరిక ఆ రోజుల్లో ఎవరికుంది? తప్పు ఆ కుర్రవాడిది కాదు. ఫైలు చేతికిచ్చేటప్పుడు చూడాల్సింది చూడని నాది.

ఏం జరిగిందో ఒక్కో రోజూ చూడండి. ఏప్రిల్ 1 అన్నది జనవరి 4 అయింది. ఏప్రిల్ 2 ఫిబ్రవరి 4 అయింది. ఏప్రిల్ 3 మార్చి 4 అయింది. ఏప్రిల్ 4 మాత్రం ఎటు తిప్పినా ఏప్రిల్ 4నే. ఏప్రిల్ 5 మే 4కు, 6 జూన్ 4కు, అలా 9 సెప్టెంబరు 4కు పోయాయి. అన్నీ నిజంగా ఉన్న తేదీలే. ఒక్కటి కూడా 45363లా వింతగా కనిపించదు.

ఫిత్రా సంగతి మీకు తెలిసిందే. ఈద్ నమాజుకు ముందే పేదల చేతికి చేరాలి. తర్వాత ఇస్తే అది మామూలు సదఖా కిందే లెక్క అని హదీసులో ఉంది. కనుక ఫిత్రా డబ్బు విషయంలో ఒక్క పూట ఆలస్యం కూడా చిన్న విషయం కాదు. మేం 9వ తేదీ సాయంత్రం షీటులో "ఈ రోజు వరకు వచ్చిన ఫిత్రా ఎంత" అని లెక్క తీశాం. కంప్యూటర్ నిజాయితీగానే కూడి చెప్పింది. మే, జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో "రాబోయే" ఫిత్రాను అది ఎందుకు కలుపుతుంది? ఫిత్రా ఎక్కువగా వచ్చే 5 నుంచి 9వ తేదీ దాకా ఉన్న వరుసలన్నీ పక్కకు పోయాయి. మిగిలిన తక్కువ మొత్తాన్ని చూసి, ఇంటికి ఇంత అని జాబితా కూడా వేసేశాం. కొన్ని ఇళ్ల పేర్లు "ఈసారికి డబ్బు చాలదు" అని పక్కన పెట్టాం.

ఆ సాయంత్రం మన దగ్గర నెలవంక కనిపించలేదు. ముప్పై రోజాలు పూర్తి చేసుకుని 11న ఈద్ అని ప్రకటన వచ్చింది. కనిపించి ఉంటే ఆ రాత్రే పంచేసేవాళ్లం. అల్లాహ్ దయవల్ల ఒక రోజు చేతికొచ్చింది. 10వ తేదీ ఫజర్ తర్వాత పెట్టెలోని నగదు లెక్కపెడితే, షీటులో ఉన్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. నగదు తగ్గితే అందరూ కంగారు పడతారు, పెరిగితే ఎవరూ పడరు. మేమూ మొదట సంతోషించబోయాం. అప్పుడే మాలో ఒక పెద్దాయన, "ఫిత్రాలో మిగులు ఏమిటి? మిగిలిందంటే ఎవరికో చేరలేదనేగా" అన్నారు. అప్పుడు కూర్చుని వరుస వరుసా చూశాం. ఆఫీసు కంప్యూటర్‌లో ఒక వరుస 04-08-2024 అని ఉంది. ఆగస్టు ఇంకా రానేలేదు.

ఆ మధ్యాహ్నమంతా రశీదు పుస్తకం కార్బన్ కాపీలు ముందు పెట్టుకుని ఏప్రిల్ తేదీలన్నీ చేత్తోనే సరిచేశాం. పక్కన పెట్టిన ఇళ్ల పేర్లు మళ్లీ జాబితాలోకి వచ్చాయి. ఇఫ్తార్ అయ్యాక మొదలుపెట్టి, రాత్రికల్లా అన్ని ఇళ్లకూ అందజేశాం, అల్హమ్దులిల్లాహ్.

ఇలా తిరగబడ్డ తేదీలను ఫార్ములాతో కూడా సరిచేయొచ్చు. డేట్ అనే ఫార్ములాలో సంవత్సరం, నెల, రోజు వరుసగా ఇవ్వాలి. నెల చోట ఆ గడిలోని రోజునూ, రోజు చోట నెలనూ ఇస్తే తేదీ మళ్లీ తిరిగి నిలబడుతుంది. కానీ తిరగబడ్డాయని ఖాయంగా తెలిసిన వరుసలకే ఇది వాడాలి. సరిగ్గా ఉన్నవాటి మీద వాడితే వాటినీ తిప్పేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో 13/03/2024 అని కొడితే, పదమూడో నెల లేదు గనుక అది దాన్ని తేదీగానే తీసుకోదు, వట్టి అక్షరాలుగా ఉంచేస్తుంది. అలాంటివి గడిలో ఎడమవైపుకు జరిగి ఉంటాయి, అసలైన తేదీలు కుడివైపుకు ఉంటాయి. ఎవరైనా ఫైలు పంపితే నేను మొదట చూసేది ఇదే. వాటిని డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ అనే చోటికి వెళ్లి, రోజు-నెల-సంవత్సరం అనే వరుస ఎంచుకుంటే తేదీలుగా మారతాయి.

అసలు ఆ తప్పే రాకుండా ఉండాలంటే, తేదీ కొట్టేటప్పుడే నెలను అక్షరాల్లో కొట్టాలి. 8, హైఫన్, ఇంగ్లీషులో ఏప్రిల్ మొదటి మూడక్షరాలు, హైఫన్, 2024. ఇలా కొడితే అమెరికా సెట్టింగైనా మన సెట్టింగైనా ఏప్రిల్ 8 గానే తీసుకుంటుంది. దీంతోపాటు మన షీటులో తేదీ నిలువు వరుసకు డేటా వాలిడేషన్ అనే కాపలా పెట్టాం. ఫలానా తేదీ నుంచి ఈ రోజు వరకు తప్ప ఇంకే తేదీ కొట్టినా అది తీసుకోదు. ఈ కాపలా ఆ రోజే ఉండి ఉంటే జనవరి 4 దగ్గరే ఆగిపోయేవాళ్లం.

80జీ మినహాయింపు కోరే దాతలకు ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ మినహాయింపు ఇచ్చే సంస్థ ఏదైనా, ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన విరాళాల వివరాలను ఆ తర్వాతి మే 31లోగా ఫారం 10బీడీలో ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చి, దాతకు ఫారం 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాలన్నది 2021-22 విరాళాల నుంచి వచ్చి, 2024లో అమల్లో ఉన్న పద్ధతి. ఆ రంజాన్ సరిగ్గా రెండు ఆర్థిక సంవత్సరాల మీద పడింది. మార్చి 31 ఇరవయ్యో రోజా, ఏప్రిల్ 1 ఇరవై ఒకటో రోజా. ఏప్రిల్ 1న ఇచ్చిన విరాళం జనవరి 4 అయితే, అది ఇచ్చిన ఏడాదిలో కాకుండా అంతకుముందు ఏడాది లెక్కలోకి పోతుంది. మార్చి 12న ఇచ్చింది డిసెంబరు 3 అయితే తర్వాతి ఏడాదికి పోతుంది. సర్టిఫికెట్ మీద ఒక ఏడాది, మీ బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకో ఏడాది. ఈద్‌కు ముందే తేదీలు సరిచేసుకున్నాం గనుక మా దాకా ఆ ఇబ్బంది రాలేదు.

ఇక హిజ్రీ తేదీ. మన రశీదుల మీద రెండు తేదీలూ ఉండాలని చాలామంది దాతలు అడుగుతున్నారు. అడగడం న్యాయమే. జకాత్‌కు లెక్క చంద్రమాన సంవత్సరమే. నిసాబ్ మీద చంద్రమానంలో ఒక ఏడాది గడవాలి. ఎక్సెల్ తేదీని సంఖ్యగా దాచుకోవడం ఇక్కడ మనకు మేలే చేస్తుంది. 1445 రంజాన్ మొదటి తేదీ 45363. 1446 రంజాన్ మొదటి తేదీ, అంటే 2025 మార్చి 2, 45718. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 355 రోజులు. జకాత్ తేదీని మార్చి 12 అని ఇంగ్లీషు క్యాలెండర్‌లో పెట్టుకుని ప్రతి ఏడాదీ ఆ రోజుకే లెక్క చూసుకునేవాళ్లు ఈ పది పదకొండు రోజులను వదిలేస్తున్నట్టే. అలా సుమారు ముప్పై మూడేళ్లకు ఒక ఏడాది జకాత్ మొత్తం జారిపోతుంది.

ఎక్సెల్‌లో హిజ్రీ తేదీ రాబట్టే మార్గం ఉంది. టెక్స్ట్ ఫార్ములాలో కోట్స్ తెరవగానే బీ2 అని చేరిస్తే అది హిజ్రీలోకి మార్చి చూపిస్తుంది. నేను కొన్నాళ్లు వాడి మానేశాను. అది లెక్క ప్రకారం వచ్చే హిజ్రీ తేదీ, నెలవంక చూసి నిర్ణయించేది కాదు. మన దగ్గరి తేదీకి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. 2024 ఈద్‌నే చూడండి, కేరళలో ఏప్రిల్ 10న, మన దగ్గర 11న. ఏ ఫార్ములాకు ఈ తేడా తెలుస్తుంది? పైగా మనకు రోజు మగ్రిబ్‌తో మొదలవుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 6 రాత్రి ఇషా తర్వాత ఎవరైనా షబె ఖదర్ అని ఫోన్‌లో డబ్బు పంపితే, బ్యాంకు లెక్కలో అది ఏప్రిల్ 6, మనకు రంజాన్ 27. అదే మనిషి అదే రోజు జుహర్ తర్వాత పంపి ఉంటే బ్యాంకుకు ఏప్రిల్ 6నే, మనకు మాత్రం రంజాన్ 26. అర్ధరాత్రి దాటాక పంపితే బ్యాంకుకు 7, మనకు 27. అందుకే హిజ్రీ తేదీకి విడిగా ఒక నిలువు వరుస పెట్టి, ఇక్కడి నెలవంక ప్రకటన ప్రకారం చేత్తోనే రాస్తున్నాం. ఇది మోటు పద్ధతే, ఒప్పుకుంటాను.

సంవత్సరం లేని తేదీల గురించి కూడా చెప్పాలి. దాతలు కవర్ల మీద "రంజాన్ 15" అని మాత్రమే రాసి ఇస్తూ ఉంటారు. కర్జె హసన తీసుకున్న సోదరులు "షాబాన్ లోపు ఇస్తాను" అని రాసిస్తారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఇలాంటిదే జరిగిందని చరిత్ర గ్రంథాల్లో రివాయత్ ఉంది. ఆయన ముందుకు ఒక పత్రం వచ్చింది. దానిలో గడువు షాబాన్ అని మాత్రమే ఉంది. ఏ షాబాన్, గడిచినదా, ఇప్పుడు నడుస్తున్నదా, రాబోయేదా అని ఆయన అడిగారట. ఆ తర్వాత సహాబాలతో సంప్రదించి, హిజ్రత్ జరిగిన ఏడాదిని మొదటిదిగా పెట్టి సంవత్సరాలు లెక్కించే పద్ధతి తెచ్చారు. మన హిజ్రీ క్యాలెండర్ అలా మొదలైంది. బఖర సూరాలోని 282వ ఆయత్ గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని ఆదేశిస్తుంది. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అది. గడువు రాసీ, అది ఏ గడువో తెలియకపోతే రాసినట్టు కాదు కదా. కనుక కర్జె హసన పత్రాల్లో కూడా ఇప్పుడు నెల పేరు, హిజ్రీ సంవత్సరం, పక్కనే ఇంగ్లీషు తేదీ తప్పనిసరి చేశాం. అప్పు తీసుకున్న సోదరుడి పేరు, మొత్తం, గడువు అన్నీ ఒకే గడిలో కుక్కి రాయడం కూడా మానేశాం. అలా రాస్తే ఎవరి గడువు ముందుందో సర్ది చూడలేం. ఆ మధ్య గడువు దాటని ఒక సోదరుడికి పొరపాటున గుర్తుచేసి, ఆయన్ని నొప్పించాం.

ఇప్పుడు మీకు వచ్చే రశీదు మీద తేదీ ఇలా ఉంటుంది: 12-మార్చి-2024, రంజాన్ 1, 1445. నెల అక్షరాల్లో లేకపోయినా, రెండు తేదీలకూ పొంతన లేదనిపించినా వెంటనే ఫోన్ చేయండి. రంజాన్ రాత్రులైనా సరే, మొహమాటపడకండి.

ఆ మొదటి వారం రశీదులను సరిచేసి పంపాం గానీ, పాతవి ఇంకా కొందరి ఫోన్లలో ఉండే ఉంటాయి. వాటి మీద ఉన్న ఐదంకెల సంఖ్యను ఖాళీ గడిలో కొట్టి, దానికి తేదీ ఫార్మాట్ పెడితే మీరు ఇచ్చిన రోజు కనిపిస్తుంది. కంప్యూటర్ దగ్గర లేకపోతే ఆ సంఖ్యలోంచి 45362 తీసేయండి. మిగిలింది ఎంతో, అది ఆ ఏడాది అన్నో రోజా.